గూడెం పటేల్‌కు సర్కారు గౌరవ వేతనం ఇవ్వాలా, వద్దా?

గూడెం బడి (ఉట్నూరు వైపు)
పటేళ్లకు, రాయి సెంటర్ల (కొన్ని గూడేలకు కలిపి ఉండే గోండు పెద్దల పంచాయితీల) పెద్దలైన సార్మేడీలకు గౌరవ వేతనం, గుర్తింపు కార్డు కావాలన్న మాట మా దగ్గర చాన్నాళ్లుగా ఉంది. ఇవ్వాలనే నేనంటాను. గోండు గూడెంలో పటేల్ అంటే తగువులు తీర్చేవాడొక్కడే కాదు. పెళ్లి మాటలు, చావు ఖర్చులు, పూజ ఎప్పుడన్నది, అన్నీ ఆయన ఇంటి ముందే తేలాలి. గూడెంలో తేలనిది రాయి సెంటర్‌కు పోతుంది. దీపావళికి దండారీ ఆడే నృత్య బృందం పక్క ఊరి నుంచి దిగితే అన్నం పెట్టించాల్సిందీ ఆయనే. పోయిన ఏడాది మా పటేల్ ఇంట్లో రెండు రోజులు పొయ్యి ఆరలేదు. జొన్నలు అయిపోతే, చేలో పత్తి ఇంకా ఏరకముందే, దాని మీద షావుకారు దగ్గర అప్పు తెచ్చాడు. అదే మనిషి ఒక ముసలామె పింఛను గురించి ఆఫీసుకు పోతే "నువ్వెవరు?" అని అడిగి మధ్యాహ్నం దాకా బయటే ఉంచారు. ఝార్ఖండ్‌లో మన పటేళ్లలాంటి ఆదివాసీ పెద్దలైన మాన్కీలకు, ముండాలకు సర్కారు నెలనెలా గౌరవ వేతనం ఇస్తోంది. మన దగ్గర ఎందుకు కుదరదు?

నిజామాబాద్ రైతుబిడ్డ
సారూ, మీ పటేల్ మంచోడే కావొచ్చు. మా దిక్కు గ్రామాభివృద్ధి కమిటీ పేరు మీద పెద్దమనుషులు కూసుంటరు. వాళ్లను ఎన్నుకున్నది లేదు, అడిగేటోడు లేడు. బెల్టు షాపు వేలం వాళ్లదే, జరిమానా వాళ్లదే. భూమి తగాదాల వాళ్ల మాట ఇనలేదని మా చిన్నాయనతోని ఊరు ఊరంత మాట బంద్ పెట్టింది. కిరాణంల ఉప్పు పాకెట్ అడిగితే ఇయ్యలే. మా చిన్నమ్మ పక్కూరికి నడిచిపోయి తెచ్చుకున్నది. గసొంటోళ్ల మెడల సర్కారు కార్డు ఏస్తే ఇగ ఠాణాల మన మాట ఎవలు ఇంటరు? 1984ల ఎన్టీఆర్ కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల కొలువులు ఎత్తేసిండు. తాత నుంచి మనుమని దాక పెత్తనం ఒక్క ఇంట్లనే ఉండె. ఆ తలుపు మళ్ల తెరవకుండ్రి.

గూడెం బడి
అన్నా, మీ చిన్నాయనకు జరిగింది అన్యాయం. వెలిని నేను ఎప్పుడూ వెనకేసుకురాను. కానీ పట్వారీ భూమి లెక్క రాసేవాడు, గీత మారిస్తే పొలం మారేది. మా గూడెం పటేల్ చేతిలో కాగితమే లేదు. పైగా మాది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న ఆదివాసీ ప్రాంతం. ఆచారాల్నీ, ఆచారం ప్రకారం తగువులు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే హక్కు ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. మీ కమిటీకి అలాంటి ఆధారం ఏదీ లేదు.

మన్యం కుర్రాడు (పాడేరు)
మాస్టారూ, జీతమిచ్చినోడు రేపు లెక్క కూడా అడుగుతాడండీ. మా మన్యంలో ముఠాదార్లకి జరిగింది ఇదే. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. ముఠాదారు శిస్తు వసూలు చేసి సర్కారుకి కట్టాలి. నచ్చినన్నాళ్లు ఉంచేవారు, నచ్చకపోతే తీసేసేవారు. రంపలో ముఠాదార్ల పైనున్న మన్సబుదారుకి బ్రిటిష్ దొరతనం అండ దొరికింది, కల్లు మీద కూడా పన్ను పడింది. 1879లో జనం పితూరీ (తిరుగుబాటు) లేవదీశారు. బట్టిపనుకుల ముఠాదారుగా ఉండి పదవి పోగొట్టుకున్న గాం గంటం దొర 1922లో అల్లూరి వెంట నడిచాడు. చివరికి 1969లో ముఠాలే రద్దయ్యాయి. ఇప్పుడు మా ఊళ్లో తగువొస్తే ముఠాదారు మనవడి దగ్గరికి ఎవరూ వెళ్లరు, ఏ సనదూ (సర్కారు పత్రమూ) లేని ఒక తాతని పిలుస్తారు. ఆ తాతకి కార్డిచ్చి పాడుచెయ్యొద్దని నా బాధ.

ఇంద్రవెల్లి ఆడపడుచు
ఇంతసేపూ మగపెద్దల గురించే మాట్లాడుతున్నారు. మా అక్క కాపురం మీద పంచాయితీ పెడితే అక్కను కూర్చోనివ్వలేదు. ఆమె దడి వెనకాల నిలబడి వింది. ఆమె తరఫున మా మామ మాట్లాడాడు, ఆమె చెప్పమన్నది సగం చెప్పనేలేదు. మా నానమ్మ గూడెంలో ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే లెక్క తెలియదు, ఆమెను ఎవరూ పెద్దమనిషి అనలేదు. డబ్బు ఇస్తే ఇవ్వండి. ముందు ఆ చాప మీద ఆడవాళ్లకు చోటు ఇవ్వండి. సర్పంచ్ సీట్లలో సగం మాకు వచ్చాయి కదా, ఇక్కడెందుకు రాదు?

గూడెం బడి
చెల్లీ, ఈ మాట నేనే ముందు అనాల్సింది. పాడేరు తమ్ముడు చెప్పింది కూడా రాత్రంతా ఆలోచించాను. నెలజీతం, కార్డు మాట వదిలేస్తున్నాను. ఖర్చు మాట మాత్రం వదలను. బస్సు చార్జీలు, దండారీ బియ్యం, తీర్పు రాసే రిజిస్టరు, వీటికి డబ్బు గ్రామసభ పేరున రావాలి, పటేల్ పేరున కాదు. పంచాయితీలో ఆడవాళ్లు కూర్చోవాలి, ఎవరి తగువైతే వాళ్ల నోటితోనే వినాలి. ఎవరినైనా వెలి వేస్తే డబ్బు ఆగిపోవాలి. లెక్క అందరి ముందూ చదవాలి.

నిజామాబాద్ రైతుబిడ్డ
గిట్లయితే నాకు సగం ఒప్పుదలే. ఆ లెక్క రాసేదెవలు, చదివేదెవలు? పటేల్ కొడుకేనా?

గూడెం బడి
కాదన్నా. మా గూడెంలో ఇంటర్ చదివిన ఆడపిల్లలు నలుగురున్నారు. రిజిస్టరు వాళ్ల దగ్గరే ఉంటుంది.