టెక్సాస్ ప్రైమరీ: ఇన్ని పేర్లలో ఎవరికి వేయాలో ఎలా తేల్చుకోవడం?

ప్లేనో_కొత్తఓటరు
అందరికీ నమస్కారం. ఓటరు కార్డు వచ్చింది, ఇదే మొదటి ప్రైమరీ (నవంబరు ఎన్నికలకు పార్టీలు తమ అభ్యర్థులను తేల్చుకునే ఎన్నిక). శాంపిల్ బ్యాలెట్ తెరిస్తే గవర్నర్ నుంచి జడ్జీల దాకా బారెడు జాబితా. సగం పదవులు ఏం చేస్తాయో కూడా తెలియదు. రెండు పార్టీల్లోనూ నచ్చినవాళ్లు ఉన్నారు. రెండింట్లో వేయొచ్చా? పేర్లు ఎలా వడగట్టాలి?

లోన్‌స్టార్_లెక్కలు
రెండింట్లో కుదరదండి. ఇక్కడ ఓటరు నమోదులో పార్టీ ఉండదు. పోలింగ్ చోట ఏ పార్టీ బ్యాలెట్ కావాలని అడుగుతారు, అప్పుడు చెప్పాలి. తీసుకున్నాక ఆ ఏడాది డిసెంబరు 31 దాకా మీరు ఆ పార్టీ లెక్కలోనే ఉంటారు. నవంబరులో మాత్రం ఎవరికైనా వేసుకోవచ్చు.

చిక్కంతా రనాఫ్‌తోనే. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మే నెలలో మళ్లీ పోటీ పెడతారు. మార్చి ప్రైమరీలో ఒక పార్టీలో ఓటేసినవాళ్లకు మేలో రెండో పార్టీ రనాఫ్‌లో ఓటు లేదు. మార్చిలో అసలు వేయనివాళ్లు మాత్రం అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ముగ్గురు నలుగురు గట్టివాళ్లు తలపడుతున్న పోటీ ఏ పార్టీలో ఉందో ముందే చూసుకోమనేది అందుకే.

ఏ బ్యాలెట్ తీసుకోవాలో తేలకపోతే గవర్నర్ సంగతి పక్కన పెట్టి మీ స్టేట్ హౌస్ డిస్ట్రిక్ట్ (రాష్ట్ర దిగువ సభ నియోజకవర్గం) చూడండి. కిందటిసారి ఎన్నికల్లో అక్కడ ఒక పార్టీ 65-35 తేడాతో గెలిచి ఉంటే అసలు ఎన్నిక ఆ పార్టీ ప్రైమరీయే. నవంబరుది లాంఛనం.

బ్యాలెట్_బాబాయ్
వడగట్టడం గురించి. ముందు పోటీ లేని పదవులన్నీ కొట్టేయండి. జాబితా చాలావరకు అక్కడే తగ్గుతుంది. మిగిలినవాటిని కింది నుంచి పైకి చదవండి. గవర్నర్ గురించి టీవీ ఎలాగూ చెబుతుంది, కౌంటీ కమిషనర్ గురించి ఎవరూ చెప్పరు. మీ కౌంటీ బడ్జెట్టూ పన్ను రేటూ ఖరారు చేసేది ఆ కమిషనర్స్ కోర్టే (పేరులో కోర్టు ఉన్నా అక్కడ ప్రధానంగా జరిగేది పాలనే). రైల్‌రోడ్ కమిషన్ కూడా అంతే, దానికి రైళ్లతో పనిలేదు, చూసేది చమురు, గ్యాస్.

ఇప్పటికే పదవిలో ఉన్న శాసనసభ్యుడైతే వెబ్‌సైట్‌లోని హామీలు వదిలేసి, శాసనసభ సైటులో ఆయన పెట్టిన బిల్లులు, ఏ బిల్లుకు ఎటు ఓటేశారన్న రికార్డు చూడండి. కొత్తవాళ్లకు ఆ చరిత్ర ఉండదు కాబట్టి డబ్బు చూడాలి. రాష్ట్ర స్థాయి అభ్యర్థుల విరాళాల నివేదికలు టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ సైటులో, కౌంటీ స్థాయివాళ్లవి కౌంటీ దగ్గర దొరుకుతాయి. పోటీ ఉన్నవాళ్లు ఎన్నికకు 30 రోజుల ముందు ఒకటి, 8 రోజుల ముందు ఇంకొకటి ఇవ్వాలి. ఇక్కడ శాసనసభ అభ్యర్థికి ఒక వ్యక్తి ఇంతే ఇవ్వాలన్న పరిమితి లేదు. అందుకే మొత్తం కన్నా ఆ మొత్తంలో ఒక్కరిదే ఎంత అన్నది చూడాలి. ఇంటికొచ్చే రంగురంగుల కార్డుల మీద అడుగున చిన్న అక్షరాల్లో ఖర్చు ఎవరిదో ఉంటుంది, దాన్నీ వెతకండి.

జడ్జీలకు పార్టీ సిద్ధాంతాలతో పని తక్కువ. ఏ రకం కేసులు, ఎన్నేళ్ల అనుభవం, స్టేట్ బార్ (రాష్ట్ర న్యాయవాదుల సంస్థ) తీసుకున్న క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా, ఇవి చాలు. పై కోర్టులకైతే స్టేట్ బార్ న్యాయవాదుల పోల్ ఉంటుంది. అయితే అందులో పేరున్న సిట్టింగ్ జడ్జికి సహజంగానే మొగ్గు.

ఇర్వింగ్_ఇస్మాయిల్
ఇంకో సలహా తరచూ వింటుంటాం: అవతలి పార్టీ ప్రైమరీకి వెళ్లి బలహీనుణ్ణి గెలిపించండి, నవంబరులో మనవాడికి సులువు అని. చట్టరీత్యా తప్పు లేదు గానీ నాకు నచ్చదు. ఒకే పార్టీ వైపు మొగ్గే డిస్ట్రిక్టుల్లో ఆ బలహీనుడే నవంబరులో కూడా గెలిచి కూర్చుంటాడు. పైగా మీ సొంత పార్టీ రనాఫ్‌లో మీ ఓటు పోతుంది.

ఎర్లీ ఓటింగ్ (పోలింగ్ రోజుకు ముందే ఓటేసే గడువు) మొదటి రోజే పరుగెత్తకండి కూడా. 8 రోజుల నివేదికలు ఎర్లీ ఓటింగ్ నడుస్తుండగానే వస్తాయి. వేసిన ఓటు వెనక్కి తీసుకోలేం, చివర్లో తప్పుకున్నవాళ్ల పేర్లు బ్యాలెట్ మీద అలాగే ఉంటాయి. 2020లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన బుటిజెజ్, క్లోబుషార్ సరిగ్గా టెక్సాస్ పోలింగ్ ముంగిట తప్పుకున్నారు. అప్పటికే వాళ్లకు వేసినవాళ్లు చేయగలిగిందేమీ లేదు.

ప్లేనో_కొత్తఓటరు
చాలా థ్యాంక్సండి. ఎంచుకున్న పేర్లు ఫోన్‌లో రాసుకుని వెళితే సరిపోతుందా?

లోన్‌స్టార్_లెక్కలు
ఫోన్ కుదరదు. ఓటింగ్ స్టేషన్‌కు 100 అడుగుల లోపల వాడనివ్వరు. కాగితం మీద రాసుకోండి, పదవి పేరూ అభ్యర్థి పేరూ బ్యాలెట్ వరసలోనే. ఫొటో గుర్తింపుకు టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, అమెరికా పాస్‌పోర్టు, ఫొటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్, ఏదైనా పనికొస్తుంది. బ్యాలెట్ చివర పార్టీవాళ్లు పెట్టే ప్రపోజిషన్లు కొన్ని ఉంటాయి. అవి అభిప్రాయ సేకరణ మాత్రమే, చట్టాలు కావు. వాటి కోసం రాత్రంతా చదవనక్కర్లేదు.