సుప్రా బల్ల లేకుండా జార్జియా పాట పాటేనా?

పాండురిపిచ్చి: మ్గ్జావ్రేబీ, 33ఏ లాంటి జానపద రాక్ బ్యాండ్లు నేనూ వింటాను, బాగుంటాయి. కానీ బల్లపాట విందు బల్ల దగ్గరే పాడాలి. సుప్రా అంటే వాళ్ల విందు. దాన్ని నడిపే తమాదా లేచి ఒక మాట చెప్తాడు, అందరూ తాగుతారు, దానికి తగ్గ పాట మూడు గొంతుల్లో లేస్తుంది. టిక్కెట్టు కొని డ్రమ్స్ హోరులో వింటే సగం పాటే.

కీచురాయి: నువ్వు లైసెన్సు ఇస్తేనే పాడాలా అన్నా? 33ఏ నియాజ్ దియాసమిద్జే చేతిలో పాండురి వాయిద్యం ఉంటుందిగా. మూడు తీగలు. ఇంకేం కావాలి?

పాండురిపిచ్చి: పాండురికి మూడు తీగలని నాకు చెప్తున్నావా! నా పేరు చూశావా?

సోడాబుడ్డి: గొడవ పాట గురించా, తీగల గురించా?

కీచురాయి: 'చాక్రులో' అనేది జార్జియాలోని కాఖేతీ ప్రాంతపు బల్లపాట. 1977లో వాయేజర్ వ్యోమనౌకలో అంతరిక్షానికి పంపారు. అక్కడ తమాదా ఎవరు?

పాండురిపిచ్చి: వెటకారం చాలు. పాడినవాళ్లు ఆ బల్లల దగ్గర పెరిగినవాళ్లే.

తిబిలిసీమాజీ: ఆరేళ్లు జార్జియాలోనే మెడిసిన్ చదివాను. ఇల్లుగలాయన ఒకసారి సుప్రాకి పిలిచాడు. క్వెవ్రీ కుండలో చేసిన వైన్. వద్దన్నాను. పోయినవాళ్ల పేరు చెప్పినప్పుడు కూడా తాగవా అన్నారు. చేతికి కాంత్సీ ఇచ్చారు. కొమ్ము కదా, ఖాళీ చేస్తే గానీ కింద పెట్టలేం. రాత్రంతా వాంతులే. మీరు బల్ల బల్ల అంటుంటే కడుపులో తిప్పుతోంది.

పాండురిపిచ్చి: అది ఆయన తప్పు. బల్లని అదుపులో ఉంచడమే తమాదా పని. సరైన సుప్రాలో బలవంతం ఉండదు.

తిబిలిసీమాజీ: ఎన్నిటికి వెళ్లారండీ?

పాండురిపిచ్చి: వెళ్లలేదు. యూట్యూబ్‌లో చూశాను.

కీచురాయి: హహహ! అయిపోయింది!

పాండురిపిచ్చి: నవ్వుకోండి. మా తాత కల్లు ముంత ముందుంటే తత్వాలు పాడేవాడు. డాక్టరు మాన్పించాక పదకొండేళ్లు బతికాడు, ఒక్క పాట పాడలేదు. బల్ల తీసేస్తే ఏం పోతుందో నేను ఇంట్లోనే చూశాను.

తిబిలిసీమాజీ: మా నాన్నా తాగితే పాడేవాడు. తెల్లారి ఇల్లు సర్దుకునేది మా అమ్మ. మీ మామ్మగారిని అడిగారా, ఆ పదకొండేళ్లు ఎలా ఉన్నాయని?

పాండురిపిచ్చి: అడగలేదు.

తిబిలిసీమాజీ: ఆ సుప్రా రాత్రి నేను వంటింట్లోకి పారిపోతే, ఇల్లుగలావిడ గిన్నెలు తోముతూ మగాళ్లు పాడే పాటే సన్నగా అందుకుంటోంది. ఆవిడ ముందు గ్లాసు లేదు.

కీచురాయి: ఇంతకీ మూడు తీగలేగా అన్నా?