హౌస్ డీజే అవ్వాలంటే ముందు సొంత ట్రాక్ ఉండాలా? ఫ్రాంకీ నకల్స్ ఎలా పైకొచ్చాడు?

రాత్రి_షిఫ్ట్:
మూడేళ్లుగా హైదరాబాద్‌లో పెళ్లిళ్లకి, సంగీత్‌లకి డీజే చేస్తున్నా. పగలు ఉద్యోగం. బరాత్‌లో తీన్మార్ వేసి వేసి ఈ మధ్య మనసు హౌస్ మ్యూజిక్ మీదకి పోయింది, అదే, డ్రమ్ము ఒకే తీరుగా సమానంగా కొట్టే క్లబ్బు డాన్స్ సంగీతం. పోయిన నెల ఒక పబ్బులో గంట టైమిచ్చారు, ఇరవై నిమిషాలు అయ్యిందో లేదో మేనేజర్ వచ్చి చెవిలో "పాటలు వెయ్యి తమ్ముడూ, జనం కూర్చుండిపోతున్నారు" అన్నాడు. వేశా, ఏం చేస్తా. ఫ్రెండ్సేమో ముందు ఒక ట్రాక్ రిలీజ్ చెయ్యి, ఇన్‌స్టాలో ఫాలోవర్లని పెంచు, క్లబ్బులే పిలుస్తాయి అంటున్నారు. మరి హౌస్‌కి మూలపురుషుడు అని అందరూ చెప్పే ఫ్రాంకీ నకల్స్ సంగతేంటి? ట్రాక్ హిట్టయ్యి పేరొచ్చిందా, పేరొచ్చాక ట్రాక్ చేశాడా? ఇంకోటి, నవ్వకండి, హౌస్ అంటే ఇల్లేనా?

పాత_రికార్డు:
ఇల్లు కాదు తమ్ముడూ, గోదాము. షికాగోలో 1977లో వేర్‌హౌస్ అని ఒక క్లబ్బు పెట్టారు, అందులో ఫ్రాంకీ వేసే పాటలు కావాలని జనం రికార్డుల షాపులకి వెళ్లి అడిగేవాళ్లు, వేర్‌హౌస్ కాస్తా హౌస్ అయ్యింది. ఫ్రాంకీ చెప్పిన కథ ఇంకోటుంది: ఊళ్లో కారులో పోతుంటే ఒక బారు కిటికీలో "ఇక్కడ హౌస్ మ్యూజిక్ వేస్తాం" అని బోర్డు కనపడిందట, అదేంటి అనడిగితే పక్కనున్న ఫ్రెండ్ "నువ్వు వేర్‌హౌస్‌లో వేసేదేగా" అన్నాడట. తను చేసే పనికి పేరుందని ఆయనకే తెలీదన్నమాట.

ఇక నీ అసలు ప్రశ్న. ఆయనది న్యూయార్క్, 1955లో పుట్టాడు, టెక్స్‌టైల్ డిజైన్ చదివాడు. చిన్ననాటి స్నేహితుడు లారీ లెవాన్‌తో కలిసి ముందు చేసిన పని గ్యాలరీ అనే క్లబ్బులో బెలూన్లు ఊదడం, డెకరేషన్. తర్వాత కాంటినెంటల్ బాత్స్ అనే గే స్నానశాలలో ఇద్దరూ రికార్డులు వేశారు. షికాగోలో వేర్‌హౌస్ పెట్టిన రాబర్ట్ విలియమ్స్ ముందు పిలిచింది కూడా లారీనే, ఆయన న్యూయార్క్ వదలనన్నాడు, అప్పుడు ఫ్రాంకీ వెళ్లాడు. అంటే రెండో ఛాయిస్!

వెళ్లి ఐదేళ్ల పైన ఒకే క్లబ్బులో, శనివారం రాత్రి మొదలెడితే ఆదివారం మధ్యాహ్నం దాకా. వచ్చేవాళ్లు ఎక్కువగా నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు, ఊళ్లో చాలా క్లబ్బులు వాళ్లని గుమ్మం దగ్గరే ఆపేసే రోజులు. ఈలోపు 1979 జులై 12న అదే షికాగోలో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో అంటే గిట్టనివాళ్లు ఆ రికార్డులు గుట్టపోసి పేల్చేశారు, జనం గ్రౌండు మీద పడ్డారు, ఆ రోజు ఆడాల్సిన రెండో మ్యాచ్ జరగనే లేదు. ఫ్రాంకీ వేసేది ఎక్కువగా డిస్కోనే, కంపెనీలేమో అది తియ్యడం తగ్గించేశాయి. ఈయన ఫ్లోరేమో కొత్త పాట కావాలంటుంది. ఏం చేశాడు? ఉన్న పాటల్నే కోసి కుట్టడం మొదలెట్టాడు.

కోయడం అంటే నిజంగా బ్లేడుతోనే. పాటని రీలు టేపు మీదకి ఎక్కించి, రీళ్లు రెండింటినీ చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ డ్రమ్ము దెబ్బ ఎక్కడుందో చెవితో పట్టుకుని, అక్కడ పెన్సిల్ గీత పెట్టి, ఏటవాలుగా కోసి, ఇంకో ముక్క అతికించాలి. లెక్కేసి చూడు, సెకనుకి 15 అంగుళాలు తిరిగే టేపు మీద 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో నాలుగు బీట్లు 30 అంగుళాలు. వాయిద్యం ఒక్కటే ఉన్న చోటుని ఎనిమిది సార్లు తిప్పాలంటే మూరలకి మూరలు టేపు మెడలో వేసుకుని కూర్చోవాలి. నువ్వు ఒక బటన్ నొక్కితే లూప్ వస్తోంది చూశావూ, దాని వెనకున్న దర్జీ పని అది.

ఆ ఐదేళ్లలో ఆయన పేరు మీద ఒక్క హిట్టు కూడా లేదు.

యూనియన్_స్టేషన్_దగ్గర:
నేను షికాగోలోనే ఉంటాను. ఆఫీసుకి రైలు దిగి నడిచే దారిలో సౌత్ జెఫర్సన్ వీధి 206 నంబరు, అదే ఆ వేర్‌హౌస్ బిల్డింగు. మామూలు మూడంతస్తులు, తెలియకపోతే తలెత్తి కూడా చూడరు, నేనే రెండేళ్లు చూడలేదు. స్తంభం మీద ఫ్రాంకీ నకల్స్ వే అని గోధుమ రంగు బోర్డు చూసి ఎవరో రాజకీయ నాయకుడు అనుకున్నా! 2004లో పెట్టారు, అప్పట్లో ఇక్కడ స్టేట్ సెనేటర్‌గా ఉన్న ఒబామా కూడా దానికి సాయం చేశారు. బిల్డింగుని 2023లో ల్యాండ్‌మార్క్, అంటే కాపాడాల్సిన చారిత్రక కట్టడం చేశారు. పాపం, ఫ్రాంకీ 2014లోనే పోయారు, షుగరు జబ్బు.

బాక్సులవాడు:
పాత_రికార్డు అన్న చెప్పింది కరెక్టే గానీ ఒక్క మాట వదిలేశాడు. వేర్‌హౌస్‌లో మందు లేదు. జ్యూసూ, నీళ్లూ. గుమ్మం దగ్గర టికెట్ డబ్బులే ఆదాయం, కాబట్టి జనం డాన్స్ ఆపకపోతే చాలు, ఓనరు హ్యాపీ. మన పబ్బు బతికేది టేబుల్ బిల్లు మీద, తెలిసిన పాట పడితే ఇంకో రౌండు ఆర్డరిస్తారు. నీ మేనేజర్ మీద కోపం వద్దు, వాడి లెక్క వాడిది. పైగా టైమవ్వగానే లైట్లు వేసేస్తారు. పన్నెండు గంటలు వాయిస్తే జనాన్ని నీ దారికి తెచ్చుకోవచ్చు, గంటలో ఎవడి వల్లా కాదు.

ఇంకోటి, పైసల కోసం వేర్‌హౌస్ వాళ్లు టికెట్ రేటు పెంచేసరికి ఫ్రాంకీ బయటికొచ్చి 1983లో పవర్ ప్లాంట్ పెట్టుకున్నాడు, జనం వెనకే వచ్చేశారు. డెట్రాయిట్ డీజే డెరిక్ మే అమ్మిన రోలండ్ 909 డ్రమ్ మెషీన్ చేతికొచ్చింది కూడా అప్పట్లోనే, పాత పాటల కింద దాని దెబ్బ కలిపేవాడు. గ్రామీ అవీ చాలా తర్వాత సంగతి. నన్నడిగితే పబ్బులు వదిలెయ్, నీకు తెలిసిన నలభై మందిని పోగేసి నెలకోసారి ఒకే చోట పెట్టు.

రాత్రి_షిఫ్ట్:
థాంక్స్ అన్నలూ. నిన్న రాత్రి కూర్చుని తీన్మార్ డప్పు కింద హౌస్ కిక్కు (పెద్ద డ్రమ్ము దెబ్బ) పెట్టి చూశా. అస్సలు కుదర్లేదు, డప్పు మూడు మూడుగా ఊగుతుంది, కిక్కేమో నాలుగూ సమానంగా కొడుతుంది. చివరికి డప్పులో మొదటి దెబ్బ ఒక్కటే ఉంచి మిగతావి కోసేస్తే కాస్త దారికొచ్చింది. మా తమ్ముడు పక్క గదిలోంచి వచ్చి "ఇదేంట్రా పెళ్లి ఆగిపోయినట్టుంది" అన్నాడు, కానీ కాలు మాత్రం ఆడిస్తున్నాడు.

నలభై మంది ఐడియా బావుంది. సైనిక్‌పురి వైపు తక్కువ రెంటుకి హాలు, పక్కింటోళ్లు పోలీసుల్ని పిలవని చోటు, ఎవరికైనా తెలుసా?