హన్విక: ఈ పేరుకు అర్థం ఎక్కడిది?

హనుమకొండ నుంచి ప్రశ్న:
పాప పునర్వసు మూడో పాదంల పుట్టింది. అయ్యగారు ‘హ’ అక్షరం చెప్పిండు. ఇంట్ల అందరు ‘హన్విక’ అంటున్నరు. నెట్‌ల చూస్తె ఒక కాడ తేనె, ఒక కాడ నెమలి, ఇంకో కాడ లక్ష్మీదేవి అని ఉన్నది. ఒక పెద్దాయనేమో ‘హన్ అంటే చంపుడు కదా, ఆడపిల్లకు అదేం పేరు’ అన్నడు. ఇండ్ల ఏది నిజం? ఇరవై ఒకటో రోజు తొట్టెల ఉన్నది. ఆలోపు తేల్చుకోవాలె.

కాజీపేట నుంచి:
ముందు ఆ పెద్దాయన భయం సంగతి. హన్ ధాతువుకు, అంటే క్రియ మూలరూపానికి, చంపడం అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ దాని నుంచి స్త్రీలింగంలో వచ్చే రూపాలు హంత్రి, ఘాతిని, సమాసం చివర అయితే ఘ్ని. వీటిలో ఏ దారిన పోయినా ‘హన్వి’ దగ్గరికి చేరం. ఆ దోషం ఈ పేరుకు అంటదు, నిశ్చింతగా ఉండండి.

అయితే మిగతా మూడు అర్థాలకూ ఆధారం లేదు. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో నెమలికి మయూర, బర్హిణ, నీలకంఠ, శిఖావల, కేకి అని వరసగా ఉన్నాయి. లక్ష్మికి పద్మాలయ, పద్మ, కమల, శ్రీ, హరిప్రియ, ఇందిర, లోకమాత, రమ ఉన్నాయి. తేనెకు మధువు, క్షౌద్రం, మాక్షికం. హన్విక ఎక్కడా లేదు. ‘తేనె’ అన్నది మాత్రం ‘హనీ’ అనే ఇంగ్లీషు మాట చప్పుడును బట్టి ఎవరో అంటించినట్టే కనిపిస్తుంది. పేర్ల సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకుంటాయి కాబట్టి పది చోట్ల కనబడినంత మాత్రాన పది సాక్ష్యాలు కావు.

ఈ పేరు పోలిక ఎక్కడిదో తెలియాలంటే తన్వి, తన్విక పక్కన పెట్టి చూడాలి. తను అంటే సన్నని అని గుణవాచకం. గుణాన్ని చెప్పే ఉకారాంత పదానికి స్త్రీలింగంలో ‘ఈ’ చేరవచ్చని సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రం: వోతో గుణవచనాత్ (4.1.44). అట్లా తను తన్వీ అయింది, మృదు మృద్వీ అయింది, పటు పట్వీ, గురు గుర్వీ, స్వాదు స్వాద్వీ. తన్వీకి ‘క’ చేరితే ముందున్న దీర్ఘం కురచ అవుతుంది, కేऽణః (7.4.13). అందుకే తన్విక. ప్రతి మెట్టుకూ సూత్రం ఉంది. హన్వికకు ఆ మొదటి మెట్టే లేదు.

జనగామ నుంచి:
సార్, హను + ఇక అని విడదీసి యణాదేశ సంధి చెప్పొచ్చు కదా? ఉకారానికి వకారం వస్తది, హన్విక అయితది. హనుమంతుని పేరు కూడ కలిసొస్తది.

కాజీపేట నుంచి:
మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే జారుతారు. సంధి రెండు పదాలను కలుపుతుంది, లేని పదాన్ని పుట్టించదు. ‘ఇక’ విడిగా నిలిచే మాట కాదు, ప్రత్యయం. అది ఉకారాంతం మీదికి వస్తే ‘ఇక’గా ఉండదు, ‘క’ అయిపోతుంది: ఇసుసుక్తాంతాత్ కః (7.3.51). అప్పుడు మిగిలేది హానుక. ఉత్త ‘క’ ప్రత్యయం పెడితే హనుక. రెండూ హన్విక కావు. పైగా హను శబ్దం నామవాచకం, తను లాగా గుణవాచకం కాదు. కాబట్టి ‘హన్వీ’ అనీ చేయలేం.

హను అంటే దవడ. కిష్కింధకాండలో జాంబవంతుడు చెప్పే కథ ఇదే: ఇంద్రుడి వజ్రం దెబ్బకు ఎడమ దవడ విరిగింది, అందుకని హనుమంతుడు. స్వామి పేరులో బలం ‘కలవాడు’ అని చెప్పే ‘మంతు’తో కలిసినప్పుడు వచ్చింది. ‘హను’ ఒక్కదాన్ని విరిచి తెస్తే చేతికి దవడే వస్తుంది. అమరకోశం ఓషధుల వర్గంలో హను అనే పేరుతో హట్టవిలాసిని అనే ఒక సుగంధద్రవ్యం కూడా ఉంది. దవడ కన్నా అది నయం. అయినా దాన్నుంచీ హన్విక రాదు.

కరీంనగర్ నుంచి:
వ్యాకరణం సరే. జనం దీన్ని పాణినిని చూసి పెట్టుకుంటలేరు, చెవితోని పెట్టుకుంటున్నరు. అన్విత అసలైన మాట, అను + ఇత, కూడినది అని అర్థం, గుణాన్విత అన్నట్టు. దాని ముందట ఒక్కో అక్షరం తగిలిస్తే హన్విత, మన్విత, జన్విత. అదే అచ్చుల అన్విక, హన్విక, ధన్విక. ఫ్లెక్సీల మీద వరుసగ చదివితే ఈ అచ్చు తెలిసిపోతది. నక్షత్రం అక్షరం మారితే మొదటి అక్షరం మారుతది, తోక అట్లనే ఉంటది. పూర్వాషాఢ పాదాలు భూ, ధా, ఫా, ఢా. ధా వచ్చినోళ్లు ధన్విక అంటరు. పునర్వసు పాదాలు కే, కో, హా, హీ. హా వచ్చినోళ్లు హన్విక అంటరు. హారిక, హరిత, హర్షిత అప్పటికే చుట్టాలల్ల ఉంటయి. వాడకంల లేనిది, రెండు మూడు అక్షరాలది కావాలంటె ఇట్ల అల్లుకునుడే దారి అయింది.

ఇంకో సంగతి. మన దిక్కు మాట మొదట్ల ‘హ’ నిలువది. హనుమంతు అన్మంతు అయితడు, హన్మకొండ అన్మకొండ అయితది. హన్వికను కూడ నాయనమ్మలు ‘అన్విక’ అనే పిలుస్తరు. ఈ ఊరి పేరే చూడుండ్రి. వేయిస్తంభాల గుడి కాడ కాకతీయ రాజు రుద్రదేవుని 1163 శాసనంల ఉన్నది అనుమకొండ. ముందటి ‘హ’ ఆ తర్వాతి కాలంల చేరింది. 2021ల జిల్లా పేరు హనుమకొండ అని మార్చిండ్రు. నోట్లె పలికేది మాత్రం ఇప్పటికీ పాతదే. పిలిచే పేరు ‘అ’తోనే వినబడుతదని మనసుల పెట్టుకొని ఎంచుకోండ్రి.

ములుగు నుంచి:
నిఘంటువుల లేకపోతే పేరు కాదా? ఐలయ్య, ఓదెలు, కొమురయ్య, సమ్మయ్య ఏ కోశంల ఉన్నయి?

కరీంనగర్ నుంచి:
అన్నా, వాటికి కోశం అక్కర లేదు, చిరునామా ఉన్నది. ఐలయ్య అంటే ఐలోని మల్లన్న మొక్కు. ఓదెలు ఓదెల మల్లన్న, కొమురయ్య కొమురెల్లి మల్లన్న, రాజయ్య వేములవాడ రాజన్న, యాదయ్య యాదగిరి నర్సన్న, సమ్మయ్య సారయ్య మేడారం తల్లులు. పేరు వింటె ఆ ఇంటోళ్లు ఏ జాతరకు పోతరో తెలిసేది. సంస్కృతం కానంత మాత్రాన అర్థం లేదని నేను ఎన్నడూ అనను. హన్వికకు అసొంటి ఊరు లేదు, మొక్కు లేదు, ధాతువు లేదు. చప్పుడు ఒక్కటే ఉన్నది.

కాజీపేట నుంచి:
ఆ చప్పుడు మాత్రం చాలా పద్ధతిగా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే పారస్కర గృహ్యసూత్రం (1.17) పేరు ఘోషాక్షరంతో (గ, జ, ద, హ లాంటి నాదం ఉన్న అక్షరంతో) మొదలుకావాలని, నడుమ అంతస్థం (య, ర, ల, వలలో ఒకటి) ఉండాలని అంటుంది. ఆడపిల్ల పేరుకు బేసి సంఖ్యలో అక్షరాలు, ఆకారాంతం, తద్ధితం (నామవాచకం మీద చేరే ప్రత్యయం) అంటుంది. ‘హ’ ఘోషమే. నడుమ ‘వ’ అంతస్థమే. అక్షరాలు మూడు. సంస్కృతంలో హన్వికా అని ఆకారాంతమే, చివరి ‘క’ తద్ధితం పోలికే. తల్లిదండ్రుల చెవికి ఇది పాత పేరులా వినిపించడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఎక్కడ తప్పుతుందంటే, మనుస్మృతి (2.33) ఆడపిల్లల పేరు సుఖంగా పలికేట్టు, క్రూరం కాకుండా, మనోహరంగా ఉండాలంటూనే ‘విస్పష్టార్థం’ అని కూడా అంటుంది. అర్థం అడగ్గానే తేటగా తెలియాలి. హన్విక ఆ ఒక్క చోట ఆగిపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: పేరు నచ్చితే పెట్టుకోండి, కొత్త పేరు అని చెప్పండి. సంస్కృతంలో తేనె అని పిల్లకు నేర్పించకండి. ఎనిమిదో తరగతిలో సంస్కృతం చదివే నాడు అది అబద్ధమని పిల్లకే తెలుస్తుంది.

అర్థం కావాలంటే ‘హ’ మీదే లక్ష్మి పేర్లు ఉన్నాయి. శ్రీసూక్తం తొలి ఋక్కులోనే అమ్మవారు హిరణ్యవర్ణ, హరిణి, హిరణ్మయి. హరిణి అంటే పసిడి ఛాయ కలది, ఆడలేడి అని కూడా. మూడో పాదానికి హరిణి, హరిప్రియ సరిపోతాయి. నాలుగో పాదం ‘హీ’కి హిరణ్మయి అంటుంటారు.

హనుమకొండ నుంచి:
హరిణి అందరికి నచ్చేటట్టే ఉన్నది. కని పిల్ల మేనత్త హన్వికనే పట్టుకున్నది. రెండూ పెట్టొచ్చునా? రాసేటప్పుడు ఏం చూసుకోవాలె?

జనగామ నుంచి:
పిలుపు పేరు ఒకటి, రాత పేరు ఒకటి మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. రికార్డుల మాత్రం ఒక్కటే ఉండాలె. పుట్టిన 21 రోజులల్ల పుట్టుక నమోదు కావాలె, పేరు లేకున్నా నమోదు అయితది. నమోదు అయిన తేదీ నుంచి 12 నెలల దాక పేరు ఫీజు లేకుండ చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏండ్ల దాక ఆలస్య రుసుముతోని. కనుక తొట్టెల నాటికి తేలకున్నా కొంపలు మునగవు. తొందరపడి ఎక్కించి మళ్ల దిద్దించుకునుడే కష్టం.

హన్విక అయితే ఇంగ్లీషు స్పెల్లింగు ముందే ఖాయం చేసుకోండ్రి. ‘వి’ అక్షరమా ‘డబ్ల్యూ’నా, చివర ‘ఏ’ ఒకటా రెండా. సంఖ్యాశాస్త్రం అని అక్షరం పెంచితే జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడిట్లా అదే ఉండాలె. ఒక్కదాంట్ల తప్పినా పదో తరగతి మెమో కాడ బయటపడుతది.

తెలుగుల రాసేటప్పుడు న మీద గుడి, కింద వ వత్తు: హన్విక. ఫోన్‌ల న్ కాడ ఆగిపోయి ‘హన్‌విక’ అని విడిపోతున్నది, కార్డుల మీద అట్లనే అచ్చు పడుతున్నది. అది తప్పు. పళ్లెంల బియ్యం పోసి ఉంగరంతోని రాసేటప్పుడు బియ్యం అంగుళం మందం పరవాలె. లేకుంటె వ వత్తు గీసే కాడ పళ్లెం అడుగు తేలి అక్షరం చెదురుతది. హరిణి అయితే వత్తు లేదు, ఆ బాధ లేదు.

కాజీపేట నుంచి:
పద్యం రాయించుకునే ఆలోచన ఉంటే ఒక మాట. హన్విక గురువు, లఘువు, లఘువు. అంటే భగణం. ఉత్పలమాల భగణంతోనే మొదలవుతుంది కాబట్టి ‘హన్విక’ అనే మాటతోనే పద్యం ఎత్తుకోవచ్చు. హన్వికా అని పిలిస్తే మాత్రం రగణం అయిపోతుంది, ఉత్పలమాల మొదట్లో నిలవదు. హరిణి మూడూ లఘువులు, నగణం. దాంతో చంపకమాల ఎత్తుకోండి.