మాడిసన్ మనుషులను నమ్మాడా?

పాత_పుటలు:
నిన్న వేరే చర్చలో ఒకరు జేమ్స్ మాడిసన్‌ను "మనుషుల మీద నమ్మకమే లేని మనిషి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అమెరికా రాజ్యాంగానికి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు, తర్వాత ఆ దేశానికి నాలుగో అధ్యక్షుడు అయినవాడి మీద అంత తేలిగ్గా తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించమని జనానికి నచ్చజెప్పడానికి మాడిసన్, హామిల్టన్, జే అనే ముగ్గురు నాయకులు పత్రికలకు రాసినవే ఫెడరలిస్టు వ్యాసాలు. 1788 ఫిబ్రవరిలో వచ్చిన 51వ వ్యాసంలో మాడిసన్ అన్నది ఇది: మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు. దేవదూతలే పాలకులైతే ప్రభుత్వానికి లోపలా బయటా ఏ కట్టడీ అక్కర్లేదు. రెండూ జరగవు కాబట్టి జనాన్ని అదుపు చేసే శక్తి ముందు ప్రభుత్వానికి ఇవ్వాలి, తర్వాత ఆ ప్రభుత్వమే తనను తాను అదుపు చేసుకునేలా చూడాలి. ఒకరి అధికార దాహానికి ఇంకొకరి అధికార దాహమే అడ్డు. ఇందులో మనిషి మీద ద్వేషం ఎక్కడుంది? స్వేచ్ఛ గురించి నేను చదివినవాటిలో ఇంత నిజాయితీ గల మాట మరొకటి లేదు.

వేకువచుక్క:
ఆ "నిన్న ఒకరు" నేనే. పేరు పెట్టి అడిగినా జవాబు చెప్పేదాన్ని. వర్జీనియాలో మాంట్‌పీలియర్ అనే ఆయన తోటలో ఒక దశలో వంద మందికి పైగా బానిసలు ఉండేవారు. 1836లో పోయాడు, వీలునామాలో ఒక్కరికీ విడుదల రాయలేదు. దేవదూతల సంగతి అలా ఉంచండి, ఆయన లెక్కలో మనుషులెవరో ముందు చెప్పండి.

నీలిగన్నేరు:
చదువుతున్నాను. ఇద్దరూ మర్యాద తప్పకుండా కొనసాగించండి.

చిన్నకరణం:
ఒక సందేహం. 51వ వ్యాసం హామిల్టన్ రాశాడని కూడా అంటారు కదా? మూడు చేతుల రాతకు ఒకే మారుపేరు పెట్టుకున్నారు.

పాత_పుటలు:
చిన్నకరణం గారూ, కొన్ని వ్యాసాల మీద ఆ వివాదం నిజమే. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు చిన్న చిన్న మాటల వాడుకను లెక్కగట్టి వివాదంలో ఉన్న పన్నెండూ మాడిసన్‌వేనని చూపారు. చరిత్రకారులూ అదే అంటున్నారు.

వేకువచుక్క గారూ, బానిసత్వం ఆయన బతుకులో మచ్చే, కాదనను. కానీ 1783లో ఫిలడెల్ఫియా నుంచి తండ్రికి రాసిన ఉత్తరం చూడండి. వెంట తెచ్చుకున్న బిల్లీ అనే బానిసను బలవంతాన వర్జీనియాకు తిప్పి పంపనన్నాడు. మనం ఇంత రక్తం ధారపోసి సంపాదించుకున్న స్వేచ్ఛ, ప్రతి మనిషి హక్కని మనమే చాటిన స్వేచ్ఛ, దాన్ని ఇతడూ కోరుకున్నంత మాత్రాన ఎక్కడికో పంపేసి శిక్షించలేనన్నాడు. మనిషి మీద నమ్మకం లేనివాడు ఇలా రాస్తాడా?

వేకువచుక్క:
ఆ వాక్యానికి చుట్టూ ఉన్నవి ఎందుకు వదిలేశారు? బిల్లీ మనసు పూర్తిగా చెడిపోయింది, వర్జీనియాలో తోటి బానిసల మధ్య ఉంచడానికి ఇక పనికిరాడు అని రాశాడు. ఇక్కడి చట్టం ఏడేళ్లకు మించి అమ్మనివ్వదు, అసలు విలువకు దగ్గరగా కూడా ధర పలకదు అని లెక్క వేశాడు. వేసి అమ్మాడు. స్వేచ్ఛ కావాలనుకున్న మనిషిని మిగతావారికి ఆ ఆలోచన అంటకుండా దూరం పెట్టడం దయ ఎలా అవుతుంది?

పాత_పుటలు:
ఏడేళ్ల గడువుకు అమ్మితే ఆ తర్వాత విడుదలే. బిల్లీ విలియం గార్డ్‌నర్ పేరుతో ఫిలడెల్ఫియాలో స్వతంత్రుడిగా బతికాడు. కరీబియన్ చెరకు తోటలకు అమ్మి ఉంటే ఎక్కువ డబ్బు వచ్చేది. అది వద్దనుకున్నాడు.

వేకువచుక్క:
అమ్మకుండా వదిలేయవచ్చు కదా. ఆ దారి ఒకటి ఉందని మీకు తట్టనే లేదు, ఆయనకూ తట్టలేదు.

చిన్నకరణం:
54వ వ్యాసం మాటేమిటి? చట్టసభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చేటప్పుడు బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కించడాన్ని సమర్థించింది అందులోనే.

పాత_పుటలు:
ఆ వాదనను ఒక దక్షిణాది వ్యక్తి నోట పలికించాడు, తన నోట కాదు.

వేకువచుక్క:
పలికించి, చివరికి ఒప్పుకున్నాడు.

నిమ్మతోట:
మీ ఇద్దరి ఉత్తరాల గొడవ నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ, ఒకరి మీద ఒకరిని కాపలా పెడితే చాలన్న మాట దగ్గర నా అనుభవం చెప్పాలి. మా ఊరి రైతుల సంఘంలో చెక్కు మీద అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం పెట్టాలి. నియమం చక్కగా ఉంది. ఇద్దరూ వరసకు బావాబావమరుదులు. రెండు పుట్ల పసుపు అమ్మిన మా నాన్న డబ్బు అందులోనే పోయింది. తనిఖీకి వచ్చిన ఆయన రెండు సంతకాలూ ఉన్నాయి కదా, సక్రమమే అన్నాడు. మనిషి మంచివాడు కాకపోతే ఏ ఏర్పాటూ పనిచేయదు.

పాత_పుటలు:
నిమ్మతోట గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. మీరన్నదాన్ని మాడిసన్ కూడా అన్నాడు. 1788 జూన్‌లో వర్జీనియా సభలో మాట్లాడుతూ, జనంలో సద్గుణమే లేకపోతే ఏ ప్రభుత్వ రూపమూ మనల్ని కాపాడలేదన్నాడు. అయినా మంచి మనిషినే నమ్ముకోమంటే నేను ఒప్పుకోను. నేను పనిచేసిన ఆఫీసులో ఒక అధికారి దేవుడిలాంటివాడు. ఆయన బదిలీ కాగానే వచ్చినాయన కక్షగట్టి నా ఇంక్రిమెంటు ఆపేశాడు. ఆ దేవుడికి ఫోను చేస్తే జాలిపడ్డాడు, అంతే. నన్ను గట్టెక్కించింది పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చన్న నియమం. ఏడాదికి పైగా తిరిగాను, గెలిచాను. అందుకే మాడిసన్ అంటే నాకు అంత గౌరవం.

వేకువచుక్క:
మీ పేరు సర్వీసు రిజిస్టరులో ఉంది కాబట్టి అప్పీలు చేశారు! మా అమ్మ బీడీలు చుట్టేది. తునికాకు తక్కువ తూచి ఇచ్చేవారు, కట్టలు చేసి తీసుకెళ్తే బాగోలేవని కొన్ని పక్కకు తీసి కూలి కోసేవారు. బీడీ కార్మికుల చట్టం 1966 నుంచి ఉంది. కానీ మా అమ్మ చేసిన పని వేరే ఆవిడ పేరు మీద రాసేవారు. ఏ రిజిస్టరులోనూ ఆమె లేదు. ఎవరికి అప్పీలు చేయాలి? చట్టసభ, అధ్యక్షుడు, న్యాయస్థానం ఒకదాన్నొకటి నిలువరించుకుంటాయి, మంచిదే. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరి గదిలోకీ వెళ్లలేని మనిషిని ఎవరు కాపాడతారు? మీరు రోజంతా ప్రభుత్వం చేతులు కట్టేయడం గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ కూలి కోసింది ప్రభుత్వం కాదు. బిల్లీని అమ్మింది ప్రభుత్వం కాదు.

నీలిగన్నేరు:
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది.

పాత_పుటలు:
అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ మాడిసన్ ప్రభుత్వానికి మాత్రమే భయపడ్డాడన్నది తప్పు. అదే 51వ వ్యాసంలో ఉంది, పాలకుల నుంచి సమాజాన్ని కాపాడితే చాలదు, సమాజంలో ఒక భాగం చేసే అన్యాయం నుంచి ఇంకో భాగాన్నీ కాపాడాలని.

వేకువచుక్క:
ఏ భాగాలు? 10వ వ్యాసంలో ఆయనే పేర్లు చెప్పాడు. ఆస్తి ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అప్పిచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు, భూస్వాములు, వర్తకులు, వస్తువులు తయారుచేసేవాళ్లు. యజమాని, బానిస అన్న జత అందులో లేదు. తన ఇంట్లోనే ఉన్న జత!

పాత_పుటలు:
1787 జూన్ 6న రాజ్యాంగ సభలో ఆ జత గురించి మాట్లాడాడు. ఇంత వివేకం వచ్చిన కాలంలో కూడా కేవలం రంగు తేడాను పట్టుకుని మనిషి మీద మనిషి ఎన్నడూ లేనంత క్రూరమైన పెత్తనం చేస్తున్నాడని అన్నాడు. బానిసల యజమాని అయి ఉండీ ఈ మాట అన్నాడు. తను రాసుకున్న సభా వివరాల్లో దాన్ని చెరపకుండా ఉంచాడు. తన తరగతి మీద తనే సాక్ష్యం చెప్పిన మనిషి ఆయన. బానిసత్వం రద్దయింది కూడా ఆ రాజ్యాంగానికి చేసిన 13వ సవరణతోనే, 1865లో.

వేకువచుక్క:
నాలుగేళ్ల అంతర్యుద్ధం తర్వాత. ఒకదాన్నొకటి నిలువరించుకునే ఏర్పాట్లు ఆ పని చేయలేదు. జూన్ 6 ప్రసంగం తలుపులు మూసుకున్న సభలో చేసినది, బయట ఎవరికీ చెప్పకూడదన్న నియమం మధ్య. న్యూయార్క్ జనం చదివే పత్రికకు రాసిన 10వ వ్యాసంలో ఆ ముక్క లేదు. ఆయన సభా వివరాలు అచ్చయింది 1840లో, ఆయన పోయాక. అప్పటికి ఆయనకు ఏళ్ల తరబడి గడ్డం గీసిన బానిస పాల్ జెన్నింగ్స్ ఇంకా ఆయన భార్య డాలీ మాడిసన్ ఆస్తే. తెలిసిన మనిషి, రాయగల మనిషి, ఎవరి ముందు రాయాలో అక్కడ ఎందుకు వదిలేశాడు? దీనికి జవాబు చెప్పాక 51వ వ్యాసం గొప్పతనం చెప్పండి, వింటాను.