స్పాంజి గొట్టంలో ఉండే ఈ బుల్లి చేపకి ఊపిరెలా ఆడుతుంది?

నీలికెరటం: మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం దగ్గర పగడాల దిబ్బ (రీఫ్)లో తీసిన డైవింగ్ వీడియో చూశానండీ, పసుపు గొట్టంలా ఉన్న స్పాంజిలోకి లైట్ వేసేసరికి లోపలి గోడకి నిలువునా అతుక్కుని చిటికెనవేలంత కూడా లేని చేప ఒకటి, ఒంటి పొడవునా గీత ఉంది. అంత ఇరుకులో నీళ్లు నిలిచిపోవా? దానికి ఊపిరెలా ఆడుతుంది? స్పాంజినే తింటుందా?

రీఫ్‌పిచ్చి: అది గోబీ జాతి చేప, శాస్త్రీయ నామం ఎలకాటినస్ లోరి అయ్యుండొచ్చు, బెలీజ్‌లో ఆ పసుపు గొట్టాల్లో ఎక్కువగా ఉండేది అదే. నీళ్లు నిలవ్వండి, స్పాంజి కూడా జంతువే కదా, గోడల్లో ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు లోపలికి లాగి, తిండి వడకట్టుకుని, పైనున్న పెద్ద మూతిలోంచి బయటికి తోసేస్తూనే ఉంటుంది. అంటే ఈ చేప ఎప్పుడూ పారే నీళ్లలోనే కూర్చున్నట్టు. జారిపోదు కూడా, గోబీలకి పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి, దాంతో గోడని పట్టుకుంటుంది.

ఉప్పుగాలి: పెద్ద చేపల ఒంటి మీద పురుగులు ఏరి తినేవి కూడా ఇవేనా?

రీఫ్‌పిచ్చి: అవి వీటి దాయాదులు, అవీ ఎలకాటినస్ గోబీలే, కానీ పగడాల మీద కూర్చుని వచ్చేపోయే చేపల్ని శుభ్రం చేస్తాయి. ఇది మాత్రం స్పాంజి గోడల్లో దూరి బతికే సన్నటి పురుగుల్ని తింటుంది, స్పాంజిని కాదు. ఇల్లూ అదే, వంటిల్లూ అదే!

లోతునీళ్లు: నాకు అన్నిటికన్నా నచ్చేది పిల్లల సంగతండీ. గుడ్లు స్పాంజి లోపలి గోడకే పెడతాయి, కాపలా మగదే. పొదిగాక పిల్లలు దాదాపు 26 రోజులు సముద్రంలో తేలుతూ తిరుగుతాయి, అన్ని రోజులు తిరిగితే ఎక్కడికో కొట్టుకుపోతాయనే కదా అనుకుంటాం, కానీ 2015లో వచ్చిన పరిశోధనలో డీఎన్ఏతో ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో పట్టుకుని చూస్తే సగానికి సగం తల్లిదండ్రులున్న చోటికి 2 కి.మీ. లోపే దొరికాయి, అన్నిటికన్నా దూరం వెళ్లినది 16 కి.మీ. చిల్లర. అందుకే ఒకచోట స్పాంజిలు పోతే ఎక్కడో దూరం నుంచి చేపలు వచ్చి నింపుతాయిలే అనుకోకూడదు, చుట్టుపక్కల స్పాంజిలు బాగుంటేనే ఇవీ ఉంటాయి. ఇంకోటి, తిరిగొచ్చిన పిల్లలు వెంటనే లోపలికి దూరవు, కొన్నాళ్లు గొట్టం బయటే అతుక్కుని పెరుగుతాయి.

నీలికెరటం: చాలా థాంక్సండీ అందరికీ. ఇది చదివి వీడియో మళ్లీ ఆపి ఆపి చూశాను, గొట్టం బయట, అంచుకి కాస్త కింద, గోరంత కూడా లేని పిల్లలు రెండున్నాయి, మొదటిసారి చూసినప్పుడు స్పాంజి మీద మచ్చలనుకున్నాను.