పెళ్ళై ఏడాది కావస్తున్నా నెల తప్పలేదు. పరీక్షలు నాకు మాత్రమేనా?

ప్రశ్న (గోదావరి కోడలు):
నా వయస్సు 26 సంవత్సరాలు. గత మాఘమాసంలో వివాహమైంది. నేను రాజమహేంద్రవరంలో అత్తమామల వద్ద ఉంటూ పాఠశాలలో పనిచేస్తున్నాను. మావారు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, వీలైన వారాంతాల్లో వచ్చి వెళుతుంటారు. ఆషాఢమంతా పుట్టింట్లోనే గడిచింది. ఏ పేరంటానికి వెళ్ళినా "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న తప్పడం లేదు. మా అత్తగారు నన్ను వైద్యురాలికి చూపించగా, స్కానింగులో అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నాయని, పీసీఓడీ అని రాశారు. నాకు నెలసరి 33 నుంచి 35 రోజులకు ఒకసారి వస్తుంది. అండం 14వ రోజున విడుదలవుతుందని చదివి, అప్పటికి మావారు వచ్చేలా రైలు టికెట్లు చేయించుకుంటున్నాము. పరీక్ష మాటెత్తితే మాత్రం ఆయన "నాకేం లోపం ఉంటుంది?" అని దాటవేస్తున్నారు. మందులు ముందు నేనే మొదలుపెట్టాలా?

సమాధానం (ప్రసూతి విభాగంలో నర్సును):
14వ రోజు అన్న లెక్క 28 రోజులకు నెలసరి వచ్చేవారిది. అండం సాధారణంగా తరువాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు విడుదలవుతుంది కనుక, మీ విషయంలో అది 20వ రోజు ప్రాంతంలో జరుగుతూ ఉండవచ్చు. విడుదలైన అండం ఒక రోజుకు మించి నిలవదు, వీర్యకణాలు మాత్రం గర్భాశయంలో 5 రోజుల వరకు జీవించగలవు. అంటే మీకు అనువైన కాలం 15 నుంచి 20వ రోజు వరకు అనుకోండి. మీ టికెట్లు చాలాసార్లు ఆ రోజులు మొదలుకాకముందే ముగిసి ఉంటాయి. మందుల దుకాణాల్లో దొరికే అండోత్పత్తి స్ట్రిప్పులతో ఒకటి రెండు నెలలు చూసుకుంటే మీ సొంత లెక్క తెలుస్తుంది.

ఇక పీసీఓడీ సంగతి. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల లక్షణాలు, స్కానింగులో బుడగలు, ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటేనే సాధారణంగా ఆ నిర్ధారణ చేస్తారు. 35 రోజుల లోపు వచ్చే నెలసరిని క్రమం తప్పినదిగా లెక్కించరు. అవాంఛిత రోమాలు, విపరీతమైన మొటిమలు లేకపోతే ఆ మాటను వైద్యురాలి వద్ద మరొకసారి ప్రస్తావించండి.

సమాధానం (ల్యాబ్ టెక్నీషియన్):
సంతానం ఆలస్యమయ్యే జంటల్లో సుమారు సగం మందిలో పురుషుని వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా మా ల్యాబుకు భార్య అన్ని రిపోర్టులతో వస్తుంది, భర్త ఒక్క పరీక్షకు రావడానికి ఏడాది పడుతుంది! వీర్యపరీక్షకు సూది లేదు, నొప్పి లేదు. 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా విరామం ఇచ్చిన తరువాత, ల్యాబు వారిచ్చిన డబ్బాలోనే నమూనా ఇవ్వాలి. ఇంటి వద్ద తీస్తే గంటలోపు అందజేయాలి. కండరాల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పక చెప్పమనండి, అవి వీర్యకణాల ఉత్పత్తిని దెబ్బతీస్తాయి.

సమాధానం (ఇద్దరు పిల్లల తల్లి):
35 ఏళ్ళ లోపు వారు ఏడాది ప్రయత్నించాక, ఆపై వయస్సువారు ఆరు నెలలకే వైద్యులను కలవాలంటారు. ఆ ఏడాదిలో మీరిద్దరూ నిజంగా కలిసి ఉన్న కాలం ఎంతో చూసుకోండి. అయితే గతంలో క్షయ సోకినా, నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నా, కలయికే బాధాకరంగా ఉన్నా ఆగవద్దు. చివరిది చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ళు గడిపేవారున్నారు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇప్పటి నుంచే వాడవచ్చు. మీ అత్తగారితో వాదించనక్కరలేదు, ఈసారి దంపతులిద్దరినీ రమ్మన్నారని వైద్యురాలి చేతనే చెప్పించండి.

గోదావరి కోడలు:
అందరికీ ధన్యవాదాలు. మావారు ఆ పరీక్షను బెంగళూరులోనే చేయించుకుని రిపోర్టు పంపితే సరిపోతుందా?

ల్యాబ్ టెక్నీషియన్:
సరిపోతుందండి. ఫలితం తక్కువగా వచ్చినా ఒక్కదానితో కంగారు పడకండి, కొన్ని వారాల తరువాత మరోసారి చేయించాకే వైద్యులు తేలుస్తారు. రెండుసార్లూ ఒకే ల్యాబులో అయితే పోల్చి చూడటం సులువు.